అమ్మేవాడి కాగితం

2021 జులైలో, హోటళ్ల భోజనం ఇంటికి తెచ్చిచ్చే జొమాటో తన షేర్లను జనానికి మొదటిసారి అమ్మకానికి పెట్టినప్పుడు, అంటే దాని ఐపీఓ వచ్చినప్పుడు, మా బాబాయికీ నాకూ మాటామాటా పెరిగింది. షేరు 76 రూపాయలు. "నష్టాల్లో ఉన్న కంపెనీకి అంత రేటేంటి బాబాయ్?" అన్నాను. "కోడిగుడ్డుకు ఈకలు పీకకురా. పదేళ్లు పోతే ఏ ఇంట్లో రెండుపూటలా వండుతారు?" అన్నాడాయన.

23వ తేదీన లిస్టయిన షేరు ఎన్ఎస్ఈలో 116 దగ్గర మొదలైంది. వాల్యుయేషన్ పాఠాలకు పేరుపడ్డ న్యూయార్క్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అశ్వత్ దామోదరన్ ఆ రోజుల్లోనే దాని విలువ 41 రూపాయలని లెక్కగట్టారు. కంపెనీ ఒకటే, ఖాతాలూ అవే. అంకెల మధ్య మాత్రం రెండున్నర రెట్లకు పైగా తేడా!

ఆ తేడా ఎక్కడ పుడుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. కంపెనీ ముందుముందు సంపాదించబోయే డబ్బుకు ఇవాళ ఎంత ఇవ్వొచ్చన్నదే షేరు విలువ. పదేళ్ల తర్వాత చేతికొచ్చే 100 రూపాయలకు, ఏటా 10 శాతం రాబడి చాలనుకునేవాడు ఇవాళ సుమారు 39 రూపాయలు పెడతాడు. రిస్కు ఎక్కువని 14 శాతం కోరేవాడు 27కి మించి పెట్టడు. ఇద్దరి లెక్కా సరైనదే. భవిష్యత్తు మీద నమ్మకమే వేరు.

దామోదరన్‌లో నాకు నచ్చింది ఆయన చెప్పిన అంకె కాదు. లెక్క మొత్తాన్ని అందరి ముందూ పెట్టి, నచ్చని ఊహను మీరే మార్చి చూసుకోండన్నారు. ఆ ధైర్యం చూసే బాబాయీ నేనూ ఒక ఆదివారం కాగితాలు ముందేసుకున్నాం. షరతు ఒక్కటే. ఆయన వాదన నేను రాయాలి, నా వాదన ఆయన రాయాలి. "అవును, నేనన్నది ఇదే" అని అవతలివాళ్లు అనేదాకా తిరగరాయాల్సిందే.

నాకు మూడుసార్లు పట్టింది. మొదటిసారి 'ఆశ' అని రాశాను. "ఆశ కాదురా, అలవాటు. ఒకసారి తెప్పించుకున్నవాడు మరుసటేడు ఇంకా ఎక్కువసార్లు తెప్పించుకుంటాడు" అన్నాడు బాబాయి. నా అనుమానమల్లా డిస్కౌంట్ల మీద. చివరికి మా తగవంతా ఒక్క ప్రశ్న దగ్గరికొచ్చి ఆగింది: డిస్కౌంట్లు తగ్గించాక జనం నిలుస్తారా? దీనికి జవాబు మా ఇద్దరి గొంతుల్లో లేదు. మూడు నెలలకోసారి వచ్చే ఫలితాల్లో వెతుక్కోవాలి. ఆ రోజు నుంచి మేం అరుచుకోవడం మానేశాం.

2022 జులై ఆఖరుకు షేరు 41 దగ్గరికి జారింది. నేనే గెలిచాననుకున్నాను. 2024 డిసెంబరులో 300 దాటింది, సెన్సెక్స్‌లోనూ చేరింది. మరి గెలుపు బాబాయిదేనా? పాత కాగితాలు తీసి చూశాం. 2022లో జొమాటో కొన్న బ్లింకిట్, నిమిషాల్లో సరుకులు తెచ్చిచ్చే ఆ వ్యాపారం, ఇద్దరి కాగితాల్లోనూ లేదు. షేరు అంతెత్తుకు వెళ్లడంలో దాని పాత్ర చాలా పెద్దది. ధర మా ఇద్దరికీ తీర్పు చెప్పలేదు, మేం చూడనిది ఒకటుందని మాత్రం చెప్పింది.

అనుమానించేవాణ్ని పిరికివాడనీ, నమ్మినవాణ్ని జూదరి అనీ తీసిపారేయడం సులువు. కానీ నేను కొన్న ప్రతి షేరునూ ఆ ధరకు ఎవరో ఒకరు అమ్మారు. వాళ్లూ నాలాగే కష్టపడి కూడబెట్టుకున్నవాళ్లే, నాలాగే ఆలోచించినవాళ్లే. వాళ్లకు కనిపించిందేమిటో తెలుసుకోకుండా నా డబ్బు పెట్టడం, ఒక సాక్షినే విని తీర్పు రాయడం లాంటిది.

అందుకే ఇప్పటికీ ఏ షేరు కొనే ముందైనా అమ్మేవాడి కాగితం నా చేత్తో రాస్తాను. అది బాబాయి ఒప్పుకునేంత బాగా రాయలేకపోతే, ఆ షేరు కొనను.