నాయన ఆనవాళ్లు

హేమంత్ ఎం. రావు దర్శకత్వంలో 2016లో వచ్చిన ‘గోధి బణ్ణ సాధారణ మైకట్టు’ కన్నడ చిత్రాన్ని మన చింతామణి, బాగేపల్లి వైపు తెలుగువాళ్లు కూడా చాలామంది చూసే ఉంటారు. ఆల్జీమర్స్ జబ్బుతో ఉన్న వెంకోబరావు కొడుకు శివతో బయటికి వచ్చి తప్పిపోతాడు. గోధుమ వన్నె, మామూలు ఒడ్డూపొడుగూ అని తప్పిపోయినవారి ప్రకటనల్లో రాసే మాటే చిత్రానికి పేరు.

అనంత్‌నాగ్ నటనలో ఏడుపు లేదు. ఈ పూట సంగతి మరిచిన మనిషి భార్య పుష్పను గురించి మాత్రం ఇష్టంగా చెప్పుకుంటాడు. కొత్త జ్ఞాపకాలు ముందు పోయి పాతవి నిలవడం ఈ జబ్బు లక్షణమే. చిత్రం ఇక్కడ నిజాయితీగా ఉంది.

నా అభ్యంతరం వేరు. కథ మొదలయ్యేసరికి జబ్బుకు పేరు పెట్టడం, ఆయన్ని ఆశ్రమంలో చేర్చడం అయిపోయాయి. అంతకుముందు ఇంట్లో గడిచిన ఏళ్లు చిత్రంలో లేవు. ఆ చోటును రౌడీల కథ ఆక్రమించింది. మనకు కావలసినవి ఆ ఏళ్లే.

ముప్పై ఏళ్లుగా బ్యాంకు కౌంటరుకు ఇవతల కూర్చున్నవాణ్ణి. సంతకం వంకరపోతే అది చేతి వణుకు కావచ్చు, చూపు తగ్గడం కావచ్చు. కానీ నోటిలెక్కతో వడ్డీ చెప్పే పెద్దమనిషి, పొద్దున తీసుకున్న పింఛను కోసం మధ్యాహ్నం మళ్లీ వస్తే ఆలోచించాలి. ఇంట్లోవాళ్లు దాన్ని తెలుగులో ‘చాదస్తం’ అంటారు, కన్నడంలో ‘అరళు మరళు’ అంటారు. ఆ ఒక్క మాటతో విచారణ ముగుస్తుంది. థైరాయిడ్ లోపం, బి12 లోపం, దిగులు కూడా మతిమరుపు తెస్తాయి. వాటికి చికిత్స ఉంది. డాక్టరు దగ్గరికి పోకపోతే ఏది ఏదో తేలదు.

మనకు ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం మన బతుకు. ఈ జబ్బులో తర్వాత నేర్చిన భాష ముందు జారిపోవడం కద్దు. కన్నడంలో అడిగినదానికి నాయన తెలుగులోనే బదులిస్తుంటే మొండితనం అనుకుంటాం. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితం ప్రకారం, రెండు భాషలవారిలో డిమెన్షియా సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. సంతోషించదగ్గదే. అయితే ఆలస్యంగా బయటపడటం వేరు, రాకపోవడం వేరు.

మార్పును పసిగట్టాలంటే మునుపు ఎలా ఉండేవారో తెలిసి ఉండాలి. నాయన ఏ దారిన సంతకు పోయేవాడు, ఎవరిని ఏ వరసతో పిలిచేవాడు, అప్పులు ఎలా గుర్తుపెట్టుకునేవాడు? ఇవి తెలియని కొడుక్కి వన్నె, ఒడ్డూపొడుగే మిగులుతాయి. శివ తండ్రిని తెలుసుకున్నది ఆయన తప్పిపోయాక. తప్పిపోకముందటి కథను మన కథకులు రాయాలి. సరుకు ప్రతి ఇంట్లోనూ ఉంది.