వీసా మీద కులం రాయరు
– బ్రిటన్ సమానత్వ చట్టంపై మొయినాబాద్ నుంచి ఒక విమర్శ

2018లో మూడు నెలల తేడాతో జరిగిన రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూడాల్సి ఉంది. ఏప్రిల్ 16న హైదరాబాద్ జియాగూడలోని రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత యువకుణ్ణి చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకుడు సి.ఎస్. రంగరాజన్ తన భుజాల మీద మోసుకొని తీసుకుపోయిండు. దానికి 'ముని వాహన సేవ' అని పేరు. జూలై 23న బ్రిటన్ ప్రభుత్వం కులాన్ని సమానత్వ చట్టంలో పేరుపెట్టి చేర్చబోమని ప్రకటించింది. మొదటిదాని ఫొటోలు దేశమంతా తిరిగినయి. రెండోదాని గురించి మన సభల్లో, మన హాస్టళ్లలో పెద్దగా మాట్లాడుకున్నది లేదు.

లండన్ పార్లమెంటు ఏం చేస్తే మొయినాబాద్, చేవెళ్ల పిల్లలకేమిటి అని అడిగేవాళ్లుంటరు. చిలుకూరు మొయినాబాద్ మండలంలోదే. గండిపేట చెరువు ఒడ్డున ఉన్న ఆ దేవుణ్ణి జనం 'వీసా బాలాజీ' అంటరు. మొక్కుకునేటప్పుడు 11 చుట్లు, కోరిక తీరినంక 108 చుట్లు. హుండీ లేదు, వి.ఐ.పి. దర్శనం లేదు. ఈ మాట మెచ్చుకోలుగానే రాస్తున్న. వీసా కోసం తిరిగేవాళ్లలో ఇప్పుడు మాల మాదిగల పిల్లలు కూడా ఉన్నరు. అంబేద్కర్ విదేశీ విద్యానిధి కింద తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల రూపాయల వరకు ఇస్తుంది గనుక నా తర్వాతి తరంలో కొందరు విమానం ఎక్కుతున్నరు. (అందులో ఏ ఉపకులానికి ఎన్ని దక్కినయో లెక్క బయటపెట్టమని అడగాల్సింది కూడా మనమే. 2025 ఏప్రిల్‌లో వర్గీకరణ అమల్లోకి వచ్చింది, ఈ లెక్క దాచుకోవడానికి సాకు లేదు.) వీసా మీద కులం రాయరు. అయితే కులం ఇక్కడ దిగి ఉండిపోతుందా?

బ్రిటన్‌లో జరిగింది క్లుప్తంగా చెప్పుకుందాం. 2010 సమానత్వ చట్టంలో 9వ సెక్షన్ 5వ ఉపసెక్షన్ ఉంది. జాతి అనే మాట కిందకి కులాన్ని కూడా ప్రభుత్వం 'తేవచ్చు' అన్నది దాని సారం. అదే ఏడాది డిసెంబర్‌లో ప్రభుత్వమే చేయించిన ఒక అధ్యయనం, ఉద్యోగాల్లో, సేవల్లో, బడుల్లో కుల వివక్ష, వేధింపులు ఉన్నట్టు సాక్ష్యాలు చూపింది. సర్కారు కదల్లేదు. 2013లో ఎగువ సభలో లార్డ్ హారీస్ వంటివాళ్లు పట్టుబట్టి రెండుసార్లు ఓటింగులో గెలిచిన తర్వాత 'తేవచ్చు' అన్నది 'తేవాలి' అయింది. వ్యాకరణంలో చిన్న మార్పే, రాజకీయంలో చాలా పెద్దది. ఆ 'తేవాలి'ని అమలు చేయకుండా నాన్చి, 2017లో జనాభిప్రాయం అడిగిన్రు. 16 వేలకు పైగా జవాబులు వచ్చినయి. 2018 జూలైలో ఆ శాఖ మంత్రి పెన్నీ మోర్డాంట్ తేల్చిందేమంటే – చట్టం అక్కర్లేదు, కోర్టు తీర్పులు చాలు, ఆ 'తేవాలి'ని కూడా వీలు చూసి తీసేస్తం. 2024 జూలైలో ఆ పార్టీ గద్దె దిగేదాకా కులాన్ని చేర్చనూ లేదు, ఆ మాట తీసెయ్యనూ లేదు. చేవెళ్లోళ్లకు ఇది కొత్త గాదు. 2023 ఆగస్టు 26న మల్లికార్జున ఖర్గే సమక్షంలో ఎస్సీ ఎస్టీ డిక్లరేషన్ ప్రకటించింది మా చేవెళ్ల సభలోనే. కాగితం మీది మాట ఎట్ల ఉంటదో మాకు ఎరికే. కానీ డిక్లరేషన్ ఒక పార్టీ మాట. అక్కడ సాక్షాత్తు పార్లమెంటు చేసిన చట్టమే 'చేయాలి' అంటే ప్రభుత్వం చెయ్యలేదు. ప్రజాస్వామ్యానికి పుట్టిల్లు అని పాఠాల్లో చదువుకున్న దేశం అది.

చట్టాన్ని వ్యతిరేకించిన హిందూ సంస్థల వాదనలను చదివితే అవి మూడు మాటల చుట్టూ తిరుగుతయి. బ్రిటన్‌లో కులం లేదు. ఉన్నా అది పెళ్లిళ్లకే పరిమితం, చట్టంలో రాస్తే లేని కులాన్ని లేపినట్టయితది. అసలు కులమనేదే బ్రిటిషోళ్లు సృష్టించింది. మొదటి రెండింటికి పెద్దగా జవాబు అవసరం లేదు. లేనిదాన్ని నిషేధిస్తే ఎవరికి నష్టం? దొంగతనం చెయ్యనోడికి దొంగతనం మీది చట్టం ఎందుకు భయం?

మూడోదాని దగ్గర ఆగాలె. ఎందుకంటే దీన్ని యూనివర్సిటీల్లో మంచి మంచి పుస్తకాలు కూడా వేరే రూపంలో చెప్పినయి. 2001లో వచ్చిన నికొలస్ డర్క్స్ పుస్తకం వలస పాలన కులాన్ని ఎట్ల గట్టిపరిచిందో చూపింది. జనాభా లెక్కలు, 1901లో రిస్లే కులాలకు వరుస కట్టడం, ఇవన్నీ వాస్తవాలు. కాదనేది లేదు. కాని ఆ వాదన మన దగ్గరికొచ్చేసరికి ఎక్కడ కుంటుతుందో చూడండి. చేవెళ్ల, మొయినాబాద్ పల్లెలు నైజాం రాజ్యంలోవి. ఇక్కడ పన్ను వసూలు చేసింది, వెట్టి చేయించుకున్నది కంపెనీ దొర గాదు, లండన్ కలెక్టరు గాదు. పటేలు, పట్వారీ, దేశ్‌ముఖు. చచ్చిన గొడ్డును లాగించింది, డప్పు కొట్టించింది, చెప్పులు కుట్టించుకొని గింజలు విదిల్చింది వీళ్లు. జనాభా లెక్కలు హైదరాబాద్ రాజ్యంలో కూడా జరిగినయి గనుక ఆ ప్రభావం అసలే లేదనను. అయినా మాదిగవాడను ఊరి బయట పెట్టింది లెక్కల పుస్తకం గాదు. మా తాతల ముందర ఈ సిద్ధాంతం చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేటోళ్లు. వలస పాలన మీద విమర్శను ఊరి దొరను తప్పించడానికి వాడుకుంటే అది వలసవాద వ్యతిరేకత గాదు, దొరకు వకాల్తా.

ఇప్పుడు 'తీర్పులు చాలు' అన్న మాట. ప్రభుత్వం ఆనుకున్నది తిర్కీ కేసు మీద. బీహార్ నుంచి ఇంటిపనికి తీసుకుపోయిన ఒక ఆదివాసీ స్త్రీని నాలుగున్నర ఏళ్లు, రోజుకు 18 గంటలు, వారానికి ఏడు రోజులు పని చేయించిన్రు. గంటకు 11 పెన్సుల లెక్క పడ్డది. నేల మీద పరుపు, పాస్‌పోర్టు యజమానుల చేతిలో. 2014 డిసెంబర్‌లో అప్పీలు ట్రిబ్యునల్, కులం కొన్ని సందర్భాల్లో 'ఎత్నిక్ మూలం' కిందకి రావచ్చు అన్నది. 2015లో ఆమె గెలిచింది. జీతం బకాయే 1,83,000 పౌండ్లు దాటింది. గొప్ప విజయమే. అయితే 'రావచ్చు' అన్న దగ్గర గమనించండి. పార్లమెంటు 'తేవాలి' అన్నదాన్ని ప్రభుత్వం తీసుకొచ్చి మళ్లీ కోర్టువాళ్ల 'రావచ్చు'లో పెట్టింది. ప్రతి మనిషీ తన కులం చట్టం కిందకి వస్తదని ముందు రుజువు చేసుకోవాలె, ఆ తర్వాతనే జరిగిన అన్యాయం సంగతి. ఇంకో కేసు, ఒక న్యాయవాదుల ఆఫీసులో పనిచేసిన కులాంతర దంపతులది, 2013లో తీర్పు దాకా రాకుండానే కూలిపోయింది. అదే 2013 జూలైలో ట్రిబ్యునల్‌కు పోవాలంటే ఫీజు పెట్టిన్రు. వివక్ష కేసుకు 1,200 పౌండ్ల దాకా. 2017లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అది నడిచింది.

బ్రిటన్‌లో ఈ పోరాటం నడిపింది ఎక్కువగా పంజాబీ దళితులు – రవిదాసీలు, వాల్మీకులు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్ఖానాల్లో పనికి పోయి సౌతాల్, బర్మింగ్‌హామ్, ఉల్వర్‌హాంప్టన్‌లల్లో గుంపుగా స్థిరపడ్డరు, సొంత గురుద్వారాలు, సభలు కట్టుకున్నరు. సంఘం బలముంది గనుక ఎగువ సభ దాకా గొంతు పోయింది. మన తెలుగు పిల్లలు పోయే తీరు వేరు. ఒక్కొక్కరే పోతరు, విద్యార్థిగా, సాఫ్ట్‌వేరుగా, నర్సుగా. నలుగురు తెలుగోళ్లు కలిసి ఒక ఇల్లు కిరాయికి తీసుకుంటరు. 'మీదే ఊరు? ఇంటిపేరేంది?' రెండో ప్రశ్నకే తెలిసిపోతది. అమెరికాలో తెలుగు సంఘాలు ఏ లెక్కన చీలినయో ఎవరికి తెల్వదు? అందుకే మనోళ్లు చాలామంది కులం దాచుకొని బతుకుతరు. దాచుకున్నోడు కేసెట్ల వేస్తడు? పైగా వీసా ఇచ్చిన యజమాని మీదనే ఫిర్యాదంటే ఉద్యోగం పోతది, పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజులు. 2025 మేలో స్టార్మర్ ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రం చదువు తర్వాత ఉండే రెండేళ్లను 18 నెలలకు తగ్గిస్తమన్నది. గడువు తగ్గిన కొద్దీ యజమాని పట్టు పెరుగుతది, నోరు మూతబడుతది. వలస విధానాన్నీ కుల వివక్షనూ వేర్వేరు శాఖల సంగతులుగా చూస్తే ఇది కనిపించదు.

కులాన్ని జాతి కింద పెట్టడం సరైనదేనా అని మనలోనే కొందరు అడుగుతరు. న్యాయమైన ప్రశ్న. 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ కులానికి జాతి పునాది లేదనే వాదించిండు. అయితే అది శాస్త్రం మాట. చట్టంలో ఏ గదిలో చోటుంటే ఆ గదిలో దూరాల్సి వస్తది. 2001లో డర్బన్‌లో 'కులం జాతి గాదు' అని భారత ప్రభుత్వం పట్టుబట్టింది అంబేద్కర్ మీది ప్రేమతో గాదు, ప్రపంచం ముందు సంగతి బయటపడొద్దని. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులాన్ని పేరుపెట్టి నిషేధించింది. అదే ఏడాది అక్టోబర్‌లో కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్ సభ ఆమోదించిన బిల్లును వెనక్కి పంపిండు. కారణం మళ్లీ అదే: ఉన్న చట్టాలే చాలు.

జియాగూడ సంగతికి వస్త. సంప్రదాయవాదుల్లో ఒకడు ఆ పని చేయడానికి ధైర్యం కావాలె, దాన్ని ఎగతాళి చేసేది లేదు. కాని ఆ సేవకు మూలమైన కథ చూడండి. తిరుప్పాణాళ్వారు పాణర్ కులస్తుడు, కావేరి ఒడ్డున పాడుకునేవాడు. లోకసారంగముని రాయి విసిరితే నెత్తురు కారింది. తర్వాత దేవుడు చెప్పిండని అదే ముని భుజాన మోసి లోపలికి తెచ్చిండు. లోపలికి పోయిన ఆళ్వారు మళ్లీ బయటికి రాలేదు, దేవుడిలో కలిసిపోయిండట. ఇక రేపు గుడికి ఎట్ల వస్తడన్న ప్రశ్నే లేదు! భుజాల మీద పోయినోడి పాదాలు గడపకు తాకవు. రాజ్యాంగం 17, 25 అధికరణాలు, 1955 పౌరహక్కుల చట్టం ఉన్న దేశంలో నడిచిపోయే హక్కు ఉన్నోణ్ణి మోసుకుపోతే హక్కు కాస్తా దయ అయింది. బ్రిటన్‌ది దీనికి తిరగేసిన కథ. అక్కడ మోసేటోడు లేడు, తలుపు మీద పేరు లేదు. నీ కేసును నువ్వే భుజాన మోసుకొని గడప దాకా రా, అప్పుడు చూస్తమంటది సర్కారు.

విదేశీ విద్యానిధి మీద పోతున్న పిల్లలకు ఇంగ్లీషు పరీక్ష గురించి, బ్యాంకు కాగితాల గురించి చెప్పేవాళ్లున్నరు. తొమ్మిదో సెక్షన్ గురించి, తిర్కీ తీర్పు గురించి, ఫిర్యాదుకు 2010 చట్టం పెట్టిన మూడు నెలల గడువు గురించి ఎవరూ చెప్పడం నేను చూడలేదు. ఎస్సీ సంక్షేమ శాఖ విమానం ఎక్కించే ముందు ఒక పూట ఈ పాఠం పెట్టొచ్చు. అంతకన్నా ముందు మన విద్యార్థి సంఘాలు పంజాబీ దళిత సంఘాల చిరునామాలు సంపాదించి ఆ పిల్లల చేతిలో పెట్టాలె. మొన్న ఒక పిల్లవాడు లండన్ పోతుంటే వాళ్లమ్మ నన్ను అడిగింది, 'ఆడ గూడ అడుగుతరా బిడ్డా, మీరేమిటోళ్లని?' తెల్లోళ్లు అడగరమ్మ, మనోళ్లు అడుగుతరు అన్న.