రెండెకరాల పాతిక గుంటలు

పట్టాదారు పాసుపుస్తకంలో విస్తీర్ణం దగ్గర 2.25 అని ఉంటే సిద్దిపేట జిల్లా జగదేవ్‌పూర్‌లో ఏ రైతూ తడుముకోడు. రెండెకరాల పాతిక గుంటలు. అదే అంకెను ఎక్సెల్ షీట్‌లో కొడితే యంత్రం దాన్ని రెండుంబావు అనుకుంటుంది. రెండుంబావు ఎకరాలంటే రెండెకరాల పది గుంటలే. మధ్యలో 15 గుంటలు ఎటో పోయాయి. గుంటకు 121 చదరపు గజాల చొప్పున అది 1,815 గజాలు. ప్లాట్లు కోసే వ్యాపారి కళ్లతో చూస్తే 200 గజాలవి తొమ్మిది. రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం వెళ్లే దారిలో గజ్వేల్ తర్వాత జగదేవ్‌పూర్ పేరు వినబడటం మొదలయ్యాక, అంత నేలను ఇక్కడ ఎవరూ చిల్లర కింద వదిలేయరు.

షీట్‌ను చూడచక్కగా దిద్దడమంటే రంగులేయడమేనని ఈ కాలమిస్టు చాలాకాలం నమ్మాడు. ఆయన మొదట తయారుచేసిన రైతుల జాబితా పెళ్లి శుభలేఖలా ఉండేది. పైన ముదురాకుపచ్చ పట్టీ, అందులో తెల్లక్షరాలు, కింద ప్రతి గడికీ నల్లటి గీతలు, ఉన్నదంతా గడి నడిమధ్యకు. ఒకే ఊరివాళ్లు పది మంది ఉంటే పది గడులను ఒకటిగా కలిపి ఊరి పేరు ఒక్కసారే రాశాడు. ఎవరో పేర్లను అక్షరక్రమంలో పెట్టమన్నారు. మీట నొక్కితే ఎక్సెల్ కుదరదంది: కలిపిన గడులన్నీ ఒకే కొలతలో ఉంటే తప్ప వరుస మార్చనంది. ఆ సాయంత్రమంతా కలిపినవాటిని విడగొట్టడంతోనే సరిపోయింది.

గడులు కలపడం కన్నా పెద్ద తప్పు అన్నిటినీ నడిమధ్యకు జరపడం. అది తప్పని ఆయనకు తెలియడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఏమీ ముట్టుకోకుండా వదిలేస్తే ఎక్సెల్ అంకెలను కుడి అంచుకు, అక్షరాలను ఎడమ అంచుకు చేరుస్తుంది. నేను దీన్ని అంకెగా తీసుకున్నాను, దాన్ని మాటగా తీసుకున్నాను అని యంత్రం మనతో చెప్పే తీరు అది. తేదీల వరుసలో ఇది బాగా కనబడుతుంది. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉండి మనం 05-12-2024 అని కొడితే అది మే 12 అనుకుని కుడివైపు నిలబెడుతుంది. 25-12-2024 కొడితే 25వ నెల లేదు కనుక మాట కింద జమకట్టి ఎడమవైపు పెడుతుంది. వరుసను పైనుంచి కిందికి చూస్తే చాలు, సగం ఇటూ సగం అటూ ఉన్నాయంటే ఏదో తేడా ఉన్నట్టే. అన్నిటినీ మధ్యకు లాగితే ఆ ఆనవాలు చెరిగిపోతుంది.

సర్వే నంబర్లది ఇంకో తంటా. 12/అ అని రాస్తే గొడవ లేదు, అక్షరం ఉంది కాబట్టి యంత్రం జోలికి రాదు. మన తేదీల పద్ధతిలో ఉన్న కంప్యూటర్‌లో 12/3 అని కొడితే మాత్రం క్షణంలో 12-మార్చి అయి కూర్చుంటుంది. కంగారుపడి ఆ గడిని టెక్స్ట్‌గా మారిస్తే 12/3 తిరిగి రాదు. 2025లో కొట్టిన నంబరైతే 45728 అని వస్తుంది. 1900 సంవత్సరం మొదటి రోజు నుంచి ఎక్సెల్ లెక్కపెట్టుకున్న దినాలవి. అందుకే ఆ వరుస మొత్తాన్ని ముందే టెక్స్ట్ చేసి, తర్వాతే నంబర్లు కొట్టాలి. ఇది ఒక్క మనకే వచ్చిన కష్టం కాదు. మనిషి జన్యువుల్లో సెప్ట్1, మార్చ్1 వంటి పేర్లున్నవి కొన్ని ఉండేవి. శాస్త్రవేత్తలు కొట్టగానే ఎక్సెల్ వాటిని సెప్టెంబరు, మార్చి తేదీలుగా మార్చేసేది. చివరికి 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ దిగివచ్చి వాటిని సెప్టిన్1, మార్చ్ఎఫ్1 అని మార్చింది. సర్వే నంబర్లకు ఆ వెసులుబాటు లేదు. సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ వంటి పాత భూరికార్డుల నుంచి నడిచి వస్తున్న నంబరును సాఫ్ట్‌వేర్ కోసం ఎవరు మారుస్తారు?

ఆధార్, బ్యాంకు ఖాతాల నంబర్లకూ ముందే టెక్స్ట్ చేయడమే మందు. 12 అంకెల ఆధార్ మామూలు గడిలో 1.23E+11 వంటి ముద్దగా కనిపిస్తుంది, అయినా లోపల అంకెలు పదిలంగానే ఉంటాయి. ఖాతా నంబరుకు 16 అంకెలుంటే పదిలంగా ఉండవు. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుంచుకుని పదహారోదాన్ని సున్నా చేస్తుంది. నంబరు సున్నాతో మొదలైతే ఆ సున్నా ఎగిరిపోతుంది. కూడికలు, తీసివేతలు చేయని అంకె ఏదైనా అంకె కాదు, పేరే. ఆధార్‌ను ఎవరూ సర్వే నంబరుతో కూడరు కదా.

గుంటల సంగతికొస్తే, పాతకాలపు చిట్టా ఆవర్జాలు రాసినవాళ్లకు దీని విరుగుడు ఏనాడో తెలుసు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైల రోజుల్లో వాళ్లు చుక్కలు పెట్టి అంకెలు కలపలేదు. రూపాయలకొక వరుస, అణాలకొకటి, పైలకొకటి గీశారు. హాలీ సిక్కా చెల్లిన హైదరాబాద్ సంస్థానంలోనూ అణాల లెక్కే. 1957 ఏప్రిల్ 1న దేశానికి దశాంశ నాణేలు వచ్చాయి, ఆ గీతలు చెరిగాయి. నేల మాత్రం దశాంశానికి లొంగలేదు, నేటికీ ఎకరాకు 40 గుంటలే. కనుక షీట్‌లో ఎకరాలకొక గడి, గుంటలకొక గడి. అరగుంట వస్తే గుంటల గడిలో 12.5 అని రాసుకోవచ్చు. మొత్తం కావాలంటే ఎకరాలను 40తో హెచ్చించి గుంటలు కలపాలి, కూడిక అయ్యాక మళ్లీ 40తో భాగించాలి. చుక్క పెట్టి రాస్తే 2.25కు 1.20 కలిపినప్పుడు ఎక్సెల్ 3.45 అంటుంది. మూడెకరాల నలభై ఐదు గుంటలట! అది నాలుగెకరాల ఐదు గుంటలని ఐదో తరగతి పిల్లలు చెబుతారు.

పాత షీట్లన్నీ చుక్కలతోనే నిండిపోయి ఉంటే? దానికి ఎక్సెల్‌లో ఒక విచిత్రమైన సూత్రం ఉంది: డాలర్‌డీఈ. అమెరికా స్టాక్ మార్కెట్లలో షేర్ల ధరలు ఒకప్పుడు డాలరులో పదహారో వంతు లెక్కన పలికేవి, 2001లో గానీ అవి పూర్తిగా దశాంశాల్లోకి రాలేదు. ఆ భిన్నాల కోసం పెట్టిన సూత్రమిది. డాలర్‌డీఈకి 2.25, పక్కన 40 ఇస్తే 2.625 ఇస్తుంది, అచ్చంగా రెండెకరాల పాతిక గుంటలు. డాలర్‌ఎఫ్‌ఆర్ అనే దాని తోబుట్టువు 4.125ను తిరిగి 4.05 చేస్తుంది. వాల్‌స్ట్రీట్ కోసం పుట్టిన సామాను జగదేవ్‌పూర్ చెలకల లెక్కకు అతికినట్టు సరిపోయిందని తెలిసిన రోజు ఈ కాలమిస్టుకు నిద్ర పట్టలేదు. తెలంగాణలో రైతు భరోసా సాయం సీజనుకు ఎకరాకు 6,000 రూపాయలు. 2.625తో హెచ్చిస్తే 15,750. యంత్రం అనుకున్న 2.25తో అయితే 13,500. ఒక్క చుక్కకు 2,250 రూపాయలు.

మరో జాగ్రత్త ఉంది. ఎకరం ఇరవై గుంటలను 1.20 అని కొడితే ఎక్సెల్ చివరి సున్నా మింగి 1.2 అని చూపిస్తుంది, చూసినవాళ్లు ఎకరం రెండు గుంటలనుకుంటారు. రెండు స్థానాలు తప్పనిసరిగా చూపమని గడికి చెప్పాలి. గుంటల గడిలో 40, ఆపైన అంకెలు పడకుండా డేటా వ్యాలిడేషన్‌తో కంచె కట్టాలి.

కంచె ఊరి పేరుకూ కావాలి. జగదేవ్‌పూర్, జగదేవపూర్, జగ్దేవ్‌పూర్: మనకు మూడూ ఒక్క ఊరే, ఫిల్టర్‌కు మూడూళ్లు. పైగా 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు మెదక్‌లోని ఈ మండలం సిద్దిపేటకు వచ్చింది. ఇందులో ఉన్న ఎర్రవల్లి కొత్తగా ఏర్పడిన మర్కూక్ మండలంలోకి వెళ్లింది. పాత జాబితాలో ఎర్రవల్లి పక్కన ఒక మండలం, కొత్తదాంట్లో ఇంకొకటి. పేర్లను చేత్తో కొట్టనివ్వకుండా జారుడు జాబితా నుంచి ఎంచుకోనిస్తే సగం తలనొప్పి పోతుంది.

ఇంత అయ్యాకే రంగులు, అవీ పొదుపుగా. ఒక వరుస విడిచి ఒక వరుసకు పలచని బూడిదరంగు వేస్తే చూపుడువేలు దారి తప్పదు, ఆ తర్వాత నల్లగీతలు అక్కర్లేదు. డబ్బు అంకెల్లో కామాలు లక్షల పద్ధతిలో ఉండాలి. 1,234,567ను మన ఊళ్లో ఎవరూ ఒక్క చూపులో చదవలేరు, 12,34,567 అయితే పన్నెండు లక్షలని చదివేస్తారు. తెలుగు అక్షరాలకు ఎత్తు కావాలి. ఇంగ్లిష్ కొలతకు ఉంచేసిన వరుసలో లక్ష్మి ఒత్తులు సగానికి తెగిపోతాయి. పాత అను ఫాంట్లలో కొట్టిన షీట్ అయితే ఇంకో కంప్యూటర్‌లో తెరిచినప్పుడు గిలికినట్టు కనిపిస్తుంది, యూనికోడ్‌లోకి మార్చుకోక తప్పదు.

2025 జనవరి 21 నుంచి 24 వరకు రాష్ట్రమంతా గ్రామసభలు జరిగాయి. రైతు భరోసా, రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాల్లో తమ పేరుందా లేదా అని జనం వెతుక్కున్న రోజులవి. కాగితం మీద పేరు వెతికే మనిషి ఎక్సెల్ చూడడు, జాబితా అతికించిన గోడను చూస్తాడు. ఆ గోడ కోసం ఈ కాలమిస్టు తన షీట్‌ను అడ్డంగా తిప్పి, వెడల్పంతా ఒకే పేజీలోకి కుదించి, శీర్షిక ప్రతి పేజీలో మళ్లీ వచ్చేలా పెట్టాడు. చక్కగా వచ్చిందని మురిసిపోయాడు. ఎడమ చివర ఉన్న క్రమసంఖ్యను మాత్రం తీసేశాడు. ఎక్సెల్ తనంతట తానే నంబర్లు వేస్తుంటే మళ్లీ ఇదెందుకన్నది ఆయన తర్కం.

ప్రింటులో ఆ నంబర్లు రావు. పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో పడ్డ పావుగంటకు మొదటి ఫోను వచ్చింది: "అన్నా, మనది ఎన్నో నంబరు?" ఆ సాయంత్రానికి పదకొండు మంది అదే అడిగారు. రాత్రికి క్రమసంఖ్య తన చోటికి తిరిగి వచ్చింది.