ముంపుకి ఓటు లేదు: కృష్ణా డెల్టాలో డ్రెయిను, పంచాయతీ, పల్లె

కృష్ణా డెల్టాలో నీళ్ళు రెండు రకాలు. వచ్చే నీళ్ళు, పోయే నీళ్ళు. వచ్చే నీళ్ళకు కావలసినంత చరిత్ర వుంది. 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట, 1952లో అది తెగిపోవడం, 1957 నాటికి ప్రకాశం బ్యారేజి రావడం, మధ్యలో కాటన్ దొరకు దండలూ విగ్రహాలూ. పోయే నీళ్ళకు చరిత్రా లేదు, దండా లేదు. చేలో మిగిలిన నీరు, వాన నీరు, వరద నీరు మురుగు కాలవల్లో పడి సముద్రం చేరాలి. చేరకపోతే ఎవరు మునుగుతారు? అది చేరేట్టు చూసే బాధ్యత ఎవరిది? ఆ బాధ్యత పడ్డవాళ్ళని నిలదీసే హక్కు ఎవరికి వుంది? ఈ మూడు ప్రశ్నలకు మన చట్టాలు ఇచ్చిన జవాబుల్ని మేము ఇక్కడ పరిశీలిస్తున్నాం.

బెజవాడకీ బందరుకీ మధ్యనున్న పామిడిముక్కల మండలాన్నే తీసుకుందాం. ఆ మండలంలో వీరంకిలాకు అని ఒక ఊరుంది. కాలవకి కట్టిన లాకు ఊరి పేరులోనే నిలిచిపోయింది. వచ్చే నీళ్ళకు అంత గౌరవం! మురుగు కాలవ పేరు పెట్టుకుని గొప్పగా చెప్పుకునే ఊరు మేమైతే వినలేదు. కానీ వానాకాలంలో డెల్టా బతుకు ఆ మురుగు కాలవ చేతిలోనే వుంటుంది. ఇక్కడి నేల వాలు బహు తక్కువ. నీరు చిన్న బోదెలోంచి మీడియం డ్రెయిన్లోకి, అక్కణ్ణించి మేజరు డ్రెయిన్లోకి, చివరికి సముద్రంలోకి నిదానంగా జారాలి. దార్లో గుర్రపుడెక్క, తూటికాడ అడ్డం పడతాయి. పూడిక పేరుకుంటుంది. ముఖద్వారం దగ్గర ఇసుక మేట వేస్తుంది. పోటు వేళ సముద్రమే నీటిని వెనక్కి నెడుతుంది. అందుకని పైన పామిడిముక్కలలో పూడిక తీసి కింద తీయకపోతే ప్రయోజనం లేదు. కింద తీసి పైన వదిలేసినా అంతే. డ్రెయిన్ని మొదలు నుంచి చివరిదాకా ఒకటిగా చూడాలి. మన పరిపాలన మాత్రం దాన్ని ఊరికో ముక్క, శాఖకో ముక్క చేసి చూస్తుంది.

ఇక ఊరి కట్టుబడి సంగతి. డెల్టాలో సాధారణంగా ఊరు మెరకన వుంటుంది. మాలపల్లె, మాదిగగూడెం పల్లాన వుంటాయి. చాలాచోట్ల డ్రెయిను గట్టునో, డొంక పక్కనో వుంటాయి. ఇది భూగోళ శాస్త్రం చేసిన ఏర్పాటు కాదని పాఠకులకు మేము చెప్పక్కర్లేదు. తర్వాత ప్రభుత్వం కాలనీలకు స్థలం ఇచ్చినప్పుడు కూడా మెరక భూమి అమ్మేవాడు దొరకడు, దొరికినా ఆ ధరకు రాదు. పంటకు పనికిరాని పల్లపు చెక్క ఇళ్ళకు పనికొస్తుందని తేలుస్తారు. అందువల్ల డ్రెయిను పొంగితే ఊళ్ళో వాళ్ళకి ముందు చేను మునుగుతుంది. పల్లెలో వాళ్ళకి ముందు ఇల్లు మునుగుతుంది. ఈ తేడాని గుర్తుపెట్టుకుని చట్టాల్ని చదవాలి.

1960ల్లో ఎ.సి. మిత్ర అధ్యక్షతన నిపుణుల సంఘం ఒకటి కృష్ణా, గోదావరి డెల్టాల ముంపు సమస్యను పరిశీలించింది. 1968లో డెల్టా డ్రైనేజి సెస్సు చట్టం వచ్చింది. అంటే ఆనకట్ట కట్టిన 113 ఏళ్ళకు పోయే నీళ్ళ కోసం ప్రత్యేకంగా డబ్బు పోగుచెయ్యాలన్న చట్టం పుట్టింది. ఆ చట్టం సెస్సుని భూమి మీద వేసింది. భూమికి లాభం కనక భూమిగలవాడు కట్టాలి అన్నది తర్కం. అందులో న్యాయం లేదని మేము అనం. అయితే దాని వెనకే ఇంకో భావం కూడా నడిచొచ్చింది. కట్టేవాడిదే డ్రెయిను, మిగతావాళ్ళకు దానిలో అడిగే పని లేదు అన్న భావం. ఇంట్లో మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డ మనిషి సెస్సు కట్టలేదు కాబట్టి ముంపు లెక్కలో హక్కుదారు కాకుండా పోయాడు. సాయం పుచ్చుకునేవాడుగా మిగిలాడు.

తర్వాత 73వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సవరణ పదకొండో షెడ్యూల్లో చిన్న తరహా సాగునీరు, నీటి యాజమాన్యం పంచాయతీలకు అప్పగించదగ్గ విషయాలుగా రాసింది. మన రాష్ట్రంలో 1994లో పంచాయతీరాజ్ చట్టం, 1995లో ఎన్నికలు. రిజర్వుడు స్థానాల్లో దళితులు, దళిత స్త్రీలు సర్పంచులుగా కూర్చున్నారు. కొన్నిచోట్ల కుర్చీలో కూర్చోనిచ్చారు, కొన్నిచోట్ల కింద కూర్చోబెట్టారు, అది వేరే కథ. మొత్తానికి దళితులు పంచాయతీ గడప దాటారు.

సరిగ్గా రెండేళ్ళకు, 1997లో, రైతుల సాగునీటి యాజమాన్య చట్టం వచ్చింది. పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. దేశంలోనే ఇది ఆదర్శం అని పొగిడారు. ప్రపంచ బ్యాంకు మెచ్చుకుంది. ఈ సంఘాల్లో ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి వున్నవాళ్ళకి, రికార్డుల్లోకెక్కిన కౌలుదార్లకి. భూమి లేకుండా నీటిని వాడుకునే ఇతరులకు ఓటు లేదు. పంచాయతీలో వున్నట్టు ఎస్సీలకు రిజర్వుడు స్థానాలూ ఆ చట్టంలో పెట్టలేదు. చట్టం నిర్వచనాల్లో డ్రైనేజి వ్యవస్థ కూడా చేరింది. అంటే కాలవ గురించి మాట్లాడే సంఘమే మురుగు గురించి కూడా మాట్లాడుతుంది. ఇళ్ళు మునిగే మనిషి మాత్రం ఆ సంఘంలో లేడు.

ఈ రెండు చట్టాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. కుర్చీ వున్నచోట నీళ్ళు లేవు, నీళ్ళున్నచోట కుర్చీ లేదు. రాజ్యాంగంలోని 243జి అధికరణం పంచాయతీలకు అధికారాలు ఇవ్వవచ్చు అంటుంది తప్ప ఇచ్చి తీరాలి అనదు. ఆ సందులోంచే నీటి యాజమాన్యం పంచాయతీకి రాకుండా ఆయకట్టు సంఘానికి వెళ్ళింది. ఇది ఎవరో కూర్చుని పన్నిన కుట్ర అనుకోనక్కర్లేదు. నీరంటే సాగు, సాగంటే భూమి, భూమంటే పట్టాదారు అనుకునే అలవాటు చాలు. దళిత సర్పంచిని పల్లె ఆడవాళ్ళు పూడిక సంగతి అడిగితే ఆమె ఇరిగేషన్ ఆఫీసుకి అర్జీ పెట్టగలదు. అంతకు మించి ఆమె చేతిలో ఏం వుంది?

కౌలుదార్ల సంగతి చూద్దాం. డెల్టాలో నడుం వంచి సాగు చేసేవాళ్ళలో కౌలుదార్లు ఎంతమందో అందరికీ తెలుసు. దళిత కౌలుదార్లూ తక్కువేం లేరు. కానీ కౌలు నోటి మాట మీద నడుస్తుంది. 2011లో అధీకృత సాగుదారుల చట్టం తెచ్చారు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. ఈ రెండోదానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే కౌలు పోతుందేమోనని కౌలుదారు భయం. ఫలితంగా డ్రెయిను పొంగి చేను కుళ్ళితే నష్టపోయేది ఒకరు, కాగితం మీద రైతు ఇంకొకరు. 2015 నుంచి 33 శాతం పంట పోతే సాయానికి అర్హత అన్నారు. అంతకు ముందు 50 శాతం వుండేది. మంచిదే. మరి ఆ చేలో కోతకు వెళ్ళవలసిన కూలి మనిషికి పోయిన పది రోజుల కూలి ఎన్ని శాతం? దానికి రిజిస్టరే లేదు.

ముంపు ప్రకృతి చేసే పని, దీన్లో కులం ఎందుకు తెస్తారు అని కొందరు మిత్రులు అంటారు. వాళ్ళకు జవాబు దివిసీమలో వుంది. 1864 నవంబరు 1న బందరు తుఫానులో సుమారు ముప్పై వేల మంది పోయారు. నూట పదమూడేళ్ళ తర్వాత, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్ళు ప్రభుత్వ లెక్క ప్రకారమే పది వేల దాకా. సముద్రం అందరి మీదికీ ఒకే ఎత్తున వచ్చింది. డాబా వున్నవాడు డాబా ఎక్కాడు. పాకలో వున్నవాడు పాకతో పాటే పోయాడు. చచ్చిపోయినవాళ్ళలో కూలీలు, జాలర్లు, దళితులు ఎక్కువ కావడానికి అలకు కులం తెలిసివుండనక్కర్లేదు, ఇటుకకీ తాటాకుకీ తేడా తెలిస్తే చాలు. 1990 మే నెలలో అదే తీరానికి మరో పెద్ద తుఫాను వచ్చింది. ఈసారి ముందే జనాన్ని ఖాళీ చేయించారు, తుఫాను షెల్టర్లు వున్నాయి. చనిపోయినవాళ్ళు వెయ్యిలోపు. అది కూడా చిన్న సంఖ్య కాదు, కానీ పదివేలు కాదు. చావుల్లో ప్రకృతి వాటా ఎంతో, ఏర్పాటు వాటా ఎంతో ఈ రెండు సంవత్సరాలే చెబుతున్నాయి.

ప్రాణాలు కాపాడటంలో నేర్చుకున్న పాఠం ముంపు నివారణలోకి రాలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్లు తెగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగింది. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం వచ్చింది. రాష్ట్రమంతా విజయవాడ వైపు చూసింది. ఆ బుడమేరు నీరు కొల్లేరుకి పోవాలంటే గుడివాడ పక్కన నందివాడ మండలం మీదుగా పోవాలి. నగరంలో నీరు తీస్తున్నదని సంతోషించే వేళకి నందివాడ ఊళ్ళు మునిగివున్నాయి. ఒకరి ఉపశమనం ఇంకొకరి ముంపు. ఈ రెండు చివర్లనీ ఒకచోట కూర్చోబెట్టి, నీటిని ఎప్పుడు ఎటు వదలాలి, ఎవరికి ముందు చెప్పాలి అని తేల్చే ప్రజా వేదిక ఎక్కడుంది? పంచాయతీకి తన హద్దు దాటి చూపు లేదు. ఆయకట్టు సంఘానికి తన భూమి దాటి చూపు లేదు. శాఖకి అందరి మీదా చూపుంది గానీ అది ఎవరికీ జవాబుదారీ కాదు.

వరద తగ్గాక ఎప్పుడూ వినిపించే మాట ఒకటుంది. ఆక్రమణలు. ఈ మాట వినగానే అధికారుల కళ్ళు ముందు డ్రెయిను గట్టు మీది పాకల వైపు తిరుగుతాయి. నీటిదారి మూసిన చేపల చెరువు వైపు తిరగడానికి ఇంకా టైము పడుతుంది. కొల్లేరులో డెబ్బైల్లో ప్రభుత్వమే మత్స్యకారులకూ దళితులకూ సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించింది. వాటి వెనకాల డబ్బున్నవాళ్ళు దూరారు, సరస్సు నిండా గట్లు లేచాయి. 1999లో అయిదో కాంటూరు లోపల అభయారణ్యం ప్రకటించి 2006లో గట్లు తెగ్గొట్టినప్పుడు పెద్దల చెరువులతో పాటు సొసైటీల చెరువులూ పోయాయి. పెద్దవాడు వేరే చోట చెరువు తవ్వుకోగలడు. సొసైటీలో వాటాదారు ఎక్కడికి పోతాడు? నీటిదారి తెరవాల్సిందే. మేము అందుకు వ్యతిరేకం కాదు. గట్టు మీది మనిషికి మెరకన స్థలం చూపించకుండా గట్టు ఖాళీ చెయ్యమనడాన్నే వ్యతిరేకిస్తున్నాం.

అయితే అన్నిటినీ పంచాయతీకి ఇచ్చేస్తే సరిపోతుందా? ఇక్కడ మనం తొందరపడకూడదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గ్రామం గురించి అంబేద్కర్ చేసిన హెచ్చరిక మనకు తెలుసు. స్థానికం అన్నంత మాత్రాన ప్రజాస్వామికం అయిపోదు. 1985 జూలైలో కారంచేడు మారణకాండకు నాంది మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర జరిగిన గొడవే. 1991 ఆగస్టులో చుండూరులో చంపిన దళితుల శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పారేశారు. ఈ డెల్టాలో నీరు ఎవరి అజమాయిషీలో వుంటే వాళ్ళకది ఆయుధం. అలాగని ఇంజనీర్లకు వదిలేద్దామా? అదే అంబేద్కర్ 1942–46 మధ్య వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా వున్నప్పుడు, 1943 దామోదర్ వరద తర్వాత, నదిని రాష్ట్రాల హద్దులతో ముక్కలు చెయ్యకుండా మొత్తంగా చూడాలని వాదించారు. వరద, సాగు, విద్యుత్తు, పడవదారి ఒకే ప్రణాళికలో వుండాలన్నారు. 1945లో కేంద్ర జలమార్గాల సంఘం ఏర్పడటం, 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ చట్టం రావడం ఆ ఆలోచన దారిలోవే. ఈ రెంటినీ కలిపి చదివితే మనకు కావలసింది దొరుకుతుంది. నీటిని నీటి హద్దుతో చూడాలి. అధికారాన్ని అడుగునున్న మనిషి నుంచి చూడాలి.

కాబట్టి మేము ఈ ప్రతిపాదనలు చర్చకు పెడుతున్నాం. ఒకటి, ప్రతి మేజరు డ్రెయిను మీద మొదలు నుంచి ముఖద్వారం దాకా వున్న పంచాయతీలన్నిటికీ కలిపి ఒక సంఘం వుండాలి. దాన్లో ఆయకట్టుదార్లతో సమానంగా మునిగే ఇళ్ళవాళ్ళకు ఓటు వుండాలి, ఎస్సీలకు రిజర్వుడు స్థానాలు వుండాలి. రెండు, వానలకు ముందే మునిగే ఇళ్ళ రిజిస్టరు, డ్రెయిను పటం పంచాయతీ గోడ మీద వుండాలి. మూడు, పూడికతీత ఎస్టిమేటు, కొలతల పుస్తకం గ్రామసభలో చదివి వినిపించాలి, ఆ సభ పల్లెలో జరగాలి. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని మన రాష్ట్రం 2006లోనే మొదలుపెట్టింది. కూలీ మస్టరు చదివించగలిగినప్పుడు కాంట్రాక్టరు బిల్లు చదివించడానికి అడ్డేమిటి? నాలుగు, యజమాని సంతకంతో పనిలేకుండా కౌలుదారుని గుర్తించాలి. పోయిన కూలి రోజులు కూడా నష్టం పద్దులోకి రావాలి.

2024 డిసెంబరులో సాగునీటి సంఘాలకు మళ్ళీ ఎన్నికలు జరిగాయి. ఆయకట్టు ఓటర్ల జాబితాలు తయారయ్యాయి. ఆ జాబితాని తీసుకుని మునిగిన ఇళ్ళ జాబితా పక్కన పెట్టి చూడండని కార్యకర్తల్ని కోరుతున్నాం. ఉపాధ్యాయులు పిల్లల చేత ఊరి మెరకా పల్లం పటం గీయించవచ్చు. విద్యార్థులు పల్లె పల్లెకీ వెళ్ళి ఏ ఏడు ఏ గుమ్మం దాకా నీరొచ్చిందో రాసుకోవచ్చు. గోడ మీద ఆ నీటి గీత ఇంకా కనిపిస్తూనే వుంటుంది. దాన్ని రికార్డు చెయ్యడంతో పని మొదలవుతుంది.