అతిధ్వని చిత్రము చర్మపు తేమను చూపగలదా?

లేపనము చర్మమునకు తేమ నిచ్చినదని నిరూపించుటకు అతిధ్వని చిత్రములను సాక్ష్యముగా చూపుట కలదు. ఈ సాక్ష్యము ఎంతవరకు చెల్లును?

1979లో అలెగ్జాండర్, మిల్లర్ అను శాస్త్రజ్ఞులు అతిధ్వనితో చర్మపు మందమును కొలిచిరి. పొరల సరిహద్దులనుండి ప్రతిధ్వని తిరిగివచ్చుటకు పట్టిన కాలమును బట్టి లోతు తెలియును. అంతశ్చర్మములో నీరు చేరినచో ప్రతిధ్వనులు తగ్గి చిత్రము నల్లబడును. కావున వాపును గుర్తించుటకు ఇది మంచి సాధనమే.

కాని లేపనము ముఖ్యముగా పనిచేయు చోటు వేరు. అది పైనున్న మృతకణముల పొర. దానిని మెత్తపరచునది నూనె కాదు, నీరేయని 1952లో బ్లాంక్ చూపెను. అరచేతులు, అరికాళ్లు తప్ప తక్కినచోట్ల ఆ పొర మందము సుమారు 0.02 మిల్లీమీటరు. చర్మపరీక్షలో తరచు వాడెడి ధ్వని పౌనఃపున్యము 20 మెగాహెర్ట్జ్. చర్మములో ధ్వనివేగము సెకనుకు సుమారు 1,580 మీటర్లు. వేగమును పౌనఃపున్యముచే భాగించిన తరంగదైర్ఘ్యము సుమారు 0.08 మిల్లీమీటరు వచ్చును. పొరకంటె అల నాలుగు రెట్లు పెద్దది! గుర్తులులేని మూరకర్రతో బెత్తెడు గుడ్డను కొలిచినట్లున్నది. పౌనఃపున్యమును పెంచినచో సూక్ష్మత హెచ్చును గాని, ధ్వని లోతుకు పోజాలదు.

మరియొక చిక్కు కలదు. పరికరమునకు, చర్మమునకు నడుమ పూసెడి జెల్‌లోనే నీరున్నది. అదియే పైపొరను తడుపవచ్చును. పరికరమును గట్టిగా అదిమినచో చర్మపు మందమే మారును.

కావున లేపనము పూయని రెండవచేతిని అదే ఒత్తిడితో పరీక్షించి పోల్చవలెను. పైపొర విద్యుద్ధారణశక్తిని కూడ కొలువవలెను. అట్లు చేయనిచో చిత్రము అందముగా నుండవచ్చును గాని రుజువు కాజాలదు. ఇట్టి చిత్రము కనబడినప్పుడు విద్యార్థులు పై భాగహారమును తామే చేసి చూడవలెను.