నలుగురూ వంటింట్లో చేరితే...

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నారు మన పెద్దలు. ఆ మాటనే ఆటగా మలిచి లోకమంతా అమ్మిన మగమహారాజులు ఇద్దరు ఇంగ్లండులో ఉన్నారంటే నమ్ముతారా? ఫిల్ డంకన్, ఓలీ డెవైన్ అనే ఆ ఇద్దరూ కేంబ్రిడ్జిలో ఓ చిన్న సంస్థ పెట్టుకుని 2016లో ‘ఓవర్‌కుక్డ్’ అనే వీడియో గేమ్ తయారు చేశారు. వంటలో ఉడుకు ఎక్కువైందని ఆ పేరుకి అర్థం. మరుసటి ఏడాదే ఆ దేశంలోని బాఫ్టా వాళ్ళు దీన్ని ఉత్తమ కుటుంబ క్రీడగా ఎంచి బహుమతి ఇచ్చారు.

వీడియో గేమ్ అనగానే పేజీ తిప్పేయకండి! ఇందులో తుపాకులు లేవు, నెత్తురు లేదు. ఉన్నదల్లా ఉల్లిపాయలు, పళ్ళేలు, పొయ్యి. అంటే మనకు బాగా తెలిసిన ప్రపంచమే. పైగా ఈ ఆటలిప్పుడు ఎక్కడో అమెరికాలో లేవు. మన తుర్కయంజాల్‌లో, సాగర్ రోడ్డుకి అటూ ఇటూ లేచిన కాలనీల్లో, ఏ ఆదివారం సాయంత్రమైనా నడిచి చూడండి. ఏదో ఒక ఇంట్లోంచి “ప్లేట్లు! ప్లేట్లు! అరె, మాడిపోతోందిరా!” అని కేకలు వినిపిస్తాయి. పాపం, ఇల్లాలి వంట మాడిపోతోందేమోనని కంగారు పడకండి. ఆవిడ వంటింట్లో నిమ్మళంగానే పప్పు తాలింపు పెట్టుకుంటూ ఉంటుంది. మాడుతున్నది టీవీలో!

ఆట సంగతి చెబుతాను. నలుగురి దాకా ఆడవచ్చు. తలా ఒక కంట్రోలర్, తెర మీద తలా ఒక బుల్లి వంటవాడు. ఉల్లిపాయ సూపు కావాలంటే మూడు ఉల్లిపాయలు తెచ్చి, తరిగి, గిన్నెలో వేసి, ఉడికించి, పళ్ళెంలో పోసి గడువులోగా అందించాలి. ఇంతే కదా అంటారేమో. ఒక్కొక్కరు ఒక్కసారికి ఒక్క వస్తువే పట్టుకోగలరు. తిన్న పళ్ళేలు మళ్ళీ ఎంగిలిగా మన దగ్గరికే వస్తాయి, కడగాలి. పొయ్యి మీద గిన్నెను మరిచిపోతే మంటలు లేస్తాయి. ఇవి చాలవన్నట్టు వంటిల్లు కూడా కుదురుగా ఉండదు. ఒకచోట అది ఓడ మీద ఉంటుంది. ఓడ ఊగితే గట్లు జరిగిపోతాయి. ఇంకోచోట పరిగెత్తే రెండు లారీల మీద సగం సగం ఉంటుంది. లారీలు విడిపోయాయంటే ఉల్లిపాయలు మీ దగ్గర, గిన్నె మీ మరిది దగ్గర!

ఇలాంటి గందరగోళపు ఆటలకు పార్టీ గేములని పేరు. వీటిలో పెద్దమ్మ వరస ‘మారియో పార్టీ’. జపాన్‌లో నింటెండో వాళ్ళు 1998లో తెచ్చారు. పాచిక వేసి గళ్ళ మీద నడవడం, మధ్యమధ్య చిన్న పోటీలు. ఆ మొదటి ఆటలో ఓ పుల్లను గిరగిరా తిప్పే పోటీలుండేవి. అరచేత్తో తిప్పి తిప్పి పిల్లల చేతులు బొబ్బలెక్కితే, 2000లో అమెరికాలో ఆ కంపెనీ చేతి తొడుగులు పంచవలసి వచ్చింది. ఇక 2020లో ‘ఫాల్ గైస్’ వచ్చిన కొత్తలో అరవైమంది ఒకేసారి పరిగెత్తి, ఒకరి మీద ఒకరు పడి, చివరికి ఒక్కరు కిరీటం అందుకునేవారు. మన కుర్చీలాటకి అరవైమంది వచ్చినట్టన్నమాట. అయితే అక్కడ ఎవరి తెర వాళ్ళది, ఎవరిల్లు వాళ్ళది.

ఇంతకీ ఇందులో ఏముందని జనం ఇంతగా ఎగబడుతున్నారు? నాకు తోచిన కారణం చెబుతాను. మన ఇళ్ళల్లో నలుగురు కలిసి కూర్చోవడమే అరుదైపోయింది. ఒకే సోఫాలో ఉన్నా ఎవరి ఫోను వాళ్ళది. ఈ ఆట ఆ నలుగురి కళ్ళనీ మళ్ళీ ఒకే తెర మీదికి తెచ్చింది. అంతకన్నా ముఖ్యం, ఇక్కడ పొరపాటుకు శిక్ష లేదు, నవ్వు ఉంది. నిజం వంటింట్లో పాలు పొంగిపోతే ఎన్ని మాటలు! ఇక్కడ వంటిల్లంతా తగలబడినా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటారు. వారమంతా ఆఫీసులో ముఖం ముడుచుకుని ఉండే బావగారు కూడా “వదినా, టమాటా విసురు!” అని అరుస్తారు. అవును, 2018లో వచ్చిన రెండో భాగంలో కూరగాయలు విసురుకోవచ్చు కూడా. వావివరసల బిగువు కాసేపు సడలడం మన ఉమ్మడి బతుకుల్లో చిన్న విషయం కాదు. ఈ మేరకు ఆటకు నా మార్కులు పూర్తిగా వేస్తాను.

కానీ...

ఈ దసరా సెలవుల్లో మా చుట్టాలింట్లో ఈ ఆట సాగుతుంటే చూశాను. ముగ్గురు పిల్లలు, నాలుగో కంట్రోలర్ ఖాళీ. డెబ్బై దాటిన పెద్దావిడ అక్కడే కూర్చుని ఉంది. పిల్లలు మంచివాళ్ళు, పిలిచారు. “నానమ్మా, నువ్వూ రా! నీకు ఈజీ పని ఇస్తాం. నువ్వు ఊకె ప్లేట్లు కడుగు, చాలు” అన్నారు. ఆవిడ కంట్రోలర్ చేతిలో తిప్పి చూసుకుని, “గిదేంది బిడ్డా, ఈడ గూడ గిన్నెలు తోముడేనా!” అంది. అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది. రెండు నిమిషాల తర్వాత మాత్రం “అబ్బ, నానమ్మా, జల్ది జల్ది!” అన్న కేకలు మొదలయ్యాయి. ఆటలో ఆవిడ బొమ్మ గోడకేసి నడుస్తూ నిలబడిపోయింది. ఇంకో ఆటకి కంట్రోలర్ పక్కింటి అబ్బాయి చేతికి పోయింది. ఎవరూ ఆవిణ్ణి లేవమనలేదు. ఆవిడే ఇచ్చేసింది.

ఈ ఆట హద్దు ఎక్కడుందో అక్కడ తెలుస్తుంది. గందరగోళంలో అందరూ సమానమే అనిపిస్తుంది గానీ, అది పైకి మాత్రమే. ఏ నలుగురిలో ఎవరు నిదానమో వాళ్ళ దగ్గర సూపు ఆగుతుంది, కళ్ళన్నీ వాళ్ళ మీదే పడతాయి. వైకుంఠపాళిలో ఐదేళ్ళ మనవడూ నానమ్మా నిజంగా సమానం. పాముకి ఎవరి వయసుతోనూ పనిలేదు. మారియో పార్టీ ఈ రహస్యం తెలిసిన ఆట. పాచిక అదృష్టం ఉంది, చివర్లో ఊహించని నక్షత్రాలు పంచి ఓడేవాళ్ళని గెలిపించడం కూడా ఉంది. గట్టిగా ఆడేవాళ్ళు ఇది అన్యాయమని గింజుకుంటారు. నాకు మాత్రం ఆ అన్యాయంలోనే ఇంటి మర్యాద కనిపిస్తుంది.

రెండో సంగతి నక్షత్రాలది. ఓవర్‌కుక్డ్‌లో ప్రతి వంటింటికీ మూడు నక్షత్రాల దాకా ఇస్తారు. చాలినన్ని నక్షత్రాలు చేరకపోతే ముందు వంటిళ్ళ తలుపులు తెరుచుకోవు. మన పిల్లల సంగతి మీకు చెప్పేదేముంది? ఇటు నుంచి బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు పోయి, ర్యాంకుల లెక్కలతో తల బొప్పి కట్టించుకుని వచ్చేవాళ్ళు ఎంతమంది లేరు! కాసేపు నవ్వుకోవడానికి కూర్చుంటే అక్కడా మార్కులే. మొదటి గంట నవ్వులు. రెండో గంటకి ఇంట్లో తెలివైన కుర్రాడొకడు లేచి, “నువ్వు కొయ్యి, నువ్వు వండు, నువ్వు కడుగు, మధ్యలో ఎవరూ కదలొద్దు” అని పనులు పంచుతాడు. మూడు నక్షత్రాలు వస్తాయి. నవ్వు పోతుంది. ఆట బాగా ఆడటం వచ్చేసరికి అది ఆఫీసైపోతుంది. గందరగోళాన్ని నమ్ముకున్న ఆటకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు.

తయారు చేసినవాళ్ళు దీన్ని కొంత గమనించినట్టే ఉన్నారు. 2020లో రెండు భాగాలూ కలిపి తెచ్చిన కూర్పులో గడువు పెంచుకునే వీలు, కష్టమైన వంటిల్లు దాటిపోయే వీలు పెట్టారు. మంచిదే. కానీ ఆ మీట ఎక్కడుందో వెతికి నానమ్మ కోసం నొక్కే మనసు ఇంట్లో ఎవరికో ఒకరికి ఉండాలి. దాన్ని ఏ కంపెనీ అమ్మలేదు.

మూడోది నవలలు రాసుకునేదాన్ని కనుక నాకు మరీ కొట్టొచ్చినట్టు కనిపించే లోటు. కథలో గొడవ పెట్టడం తేలిక. ఆ గొడవ దాటేసరికి మనిషిలో ఏదో మారాలి, అది కష్టం. ఈ ఆటల్లో ఎంత గొడవైనా మూడు నాలుగు నిమిషాల్లో తెర తుడిచేసినట్టు పోతుంది. లారీ మీద వండినవాడు, ఓడ మీద వండినవాడు ఒకడే, వాడికి ఏమీ కాలేదు. అందుకే పది రోజులు మోజుగా ఆడి పెట్టెను అటకెక్కిస్తారు. ఇందులో కథ ఉందంటే అది సోఫా మీద కూర్చున్నవాళ్ళదే. ఎవరు ఎవరి మీద విసుక్కున్నారు, ఎవరు కంట్రోలర్ ఇచ్చేసి లేచారు... ఆట గుర్తుండదు, అది గుర్తుంటుంది.

మనకు బతుకమ్మ ఆట ఉంది. దాన్నీ ఆడటమనే అంటాం. వలయంలో ఎంతమందైనా చేరవచ్చు, అడుగు రానిదాన్ని పక్కనున్నామె చూసి నడిపిస్తుంది, మోకాళ్ళ నొప్పులున్నామె కాసేపు ఆగి మళ్ళీ కలుస్తుంది. గెలుపు లేదు, ఓటమి లేదు, లేటుగా వచ్చావని ఎవరూ కేకలెయ్యరు. వీడియో గేముని దానితో పోల్చడం అన్యాయమే. కానీ నలుగురి కోసమని చెప్పుకునే ఏ ఆటనైనా నేను అడిగే ప్రశ్న ఒక్కటే: మీ నలుగురిలో చేతకాని ఒక్కరికి ఇందులో చోటుందా?

ఓవర్‌కుక్డ్‌లో ఆ చోటు అరకొరగానే ఉంది. అయినా కొనుక్కోవద్దనను. కొనండి, ఆడండి, నక్షత్రాల వైపు చూడకండి. ఇంకొకటి. తెర మీద పళ్ళేలు అంత హుషారుగా కడిగే మగవాళ్ళు, మగపిల్లలు మీ ఇంట్లోనూ ఉంటే, ఆట అయ్యాక వాళ్ళని సోఫా మీంచి నేరుగా సింకు దగ్గరికి నడిపించండి. అక్కడ ఓడ ఊగదు, లారీలు విడిపోవు, గడువు కూడా లేదు. మరి ఆ వంటిల్లు వాళ్ళకి ఇంకా తేలిగ్గానే ఉండాలి కదా, ఏమంటారు?