శుశ్రూష అనే మాట: గృహసంరక్షణ నాణ్యతకు ఒక సాహిత్య కొలమానం

మంచాన పడిన మనిషికి ఇంట్లో చేసే పనికి తెలుగులో పేర్లు చాలా ఉన్నాయి. సేవ, పరిచర్య, ఉపచారం, సపర్య, చాకిరి, ఊడిగం. ఇవన్నీ చేసేవారి వైపు నుంచి పుట్టినవే. ఇష్టంతో చేస్తే సేవ, గత్యంతరం లేక చేస్తే చాకిరి. చేయించుకునే వ్యక్తికి అది ఎలా ఉందో ఈ పదాలు చెప్పవు. ఈ వరుసలో ‘శుశ్రూష’ ఒక్కటి వేరు. ‘శ్రు’ ధాతువుకు ఇచ్ఛార్థంలో సన్ ప్రత్యయం చేరగా ఏర్పడిన రూపమిది. వినాలనే కోరిక అని వ్యుత్పత్త్యర్థం. గురువు మాట వినగోరడం నుంచి గురుసేవకు, అక్కడి నుంచి రోగిసేవకు దీని అర్థం విస్తరించింది. ఆ క్రమంలో వినడం జారిపోయింది. వృద్ధులకు, వికలాంగులకు ఇంటివద్ద అందే సంరక్షణ నాణ్యతను తేల్చడానికి జారిపోయిన ఆ అర్థమే తగిన కొలమానమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

భద్రాచల ప్రాంతంలో ఈ చర్చకు శబరి సహజమైన ఆరంభం. వాల్మీకి రామాయణంలో ఈ ఘట్టం పంపాతీరంలోనిదే అయినా, శబరి పేరుతోనే ప్రవహించి కూనవరం వద్ద గోదావరిలో కలిసే నది, దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాల, ఈ అడవి ప్రజల నోటి కథలు ఆమెను ఇక్కడి మనిషిని చేశాయి. అరణ్యకాండలో కబంధుడు ఆమెను రామునికి పరిచయం చేసేటప్పుడు వాడిన మాట పరిచారిణి. మతంగాశ్రమ మునులకు ఆమె పరిచర్య చేసింది. వారు స్వర్గస్థులైనా ఆశ్రమాన్ని విడిచి వెళ్ళలేదు. వచ్చిన రాముడు ఆమె తపస్సును గురించి అనేక విధాల కుశలమడుగుతూ, ఆమె గురుశుశ్రూష ఫలించిందా అని కూడా అడుగుతాడు. ముసలితనం దాకా ఇతరులను కనిపెట్టుకుని ఉన్న స్త్రీని, నీ పని ఎలా సాగిందని ఒకరు అడగడం మన ఇతిహాసాల్లో అరుదు.

లోకంలో ప్రసిద్ధమైన ఎంగిలిపళ్ళ వృత్తాంతం వాల్మీకంలో లేదు. అది తరువాతి భక్తి సంప్రదాయం చేర్చినది. దానిని సాధారణంగా భక్తి పారవశ్యానికి నిదర్శనంగా వ్యాఖ్యానిస్తారు. మరో విధంగానూ చదవవచ్చు. ఇచ్చేముందు రుచి చూడటం నాణ్యతను పరీక్షించడమే. పులుపు తనకు, తీపి అతిథికి అనుకున్న పరిచారిణి తన నాలుకనే ప్రమాణంగా పెట్టుకుంది. అందులో ప్రేమ ఉంది, పరిమితీ ఉంది: తినేవానికి ఏది రుచిస్తుందో ఆమె అడగలేదు. వాల్మీకంలోనూ ప్రశ్న పరిచారిణికే చేరింది; సేవలందుకున్న మునుల మాట మనకు ఆమె నోటనే వినిపిస్తుంది. రెండు పాఠాలూ చేసినవారి పక్షానే నిలుస్తాయి. ఎంగిలిని క్షమించిన రాముణ్ణి మెచ్చుకునే వ్యాఖ్యానాలు ఈ సంగతిని పట్టించుకోవు.

ఆధునిక కథలో ఈ ఖాళీ మరింత స్పష్టం. శ్రీరమణ ‘మిథునం’ దాంపత్య మాధుర్యానికి నమూనాగా స్థిరపడింది. బాపు దానిని స్వదస్తూరితో రాయడం, 2012లో తనికెళ్ళ భరణి చలనచిత్రంగా తీయడం ఆ ఖ్యాతిని పెంచాయి. ఆ మాధుర్యాన్ని కాదనవలసిన పని లేదు. కాని పిల్లలు దూరాన ఉండగా, తోటలో ఇద్దరు వృద్ధులు ఒకరినొకరు చూసుకునే ఏర్పాటు అది. అప్పదాసు నాలుక కోరేదేమిటో బుచ్చిలక్ష్మికి తెలుసు. వినడంలో లోపమే లేదు. లోపం ఏర్పాటులో ఉంది. మొత్తం భారం ఒక్క శరీరం మీద నిలిచింది. తాను ముందు పోతే ఆయనను ఎవరు చూస్తారన్నది ఆమె భయం, అందుకే ఆయన ముందు పోవడంలో ఆమెకు ఊరట. పతివ్రతా ధర్మం ప్రకారం సుమంగళిగా పోవాలని కోరుకోవలసిన స్త్రీ దానికి విరుద్ధంగా కోరుకోవడాన్ని విమర్శకులు ప్రేమకు పరాకాష్ఠ అంటారు. నిజానికి అది ప్రత్యామ్నాయ సంరక్షణ లేని ఇంట్లో ఒక పరిచారిణి వేసుకున్న లెక్క. ఆ తరువాత బుచ్చిలక్ష్మిని చూసేదెవరన్నది కథ పరిధిలోకి రాదు.

చాసో ‘వాయులీనం’ ఇంతకంటె నిర్మొహమాటం. రాజ్యం వైద్యానికి ఆమె ఫిడేలే ఖర్చవుతుంది. మిగిలిన డబ్బుతో చీర వస్తుంది. ప్రాణం నిలిచింది గనుక చికిత్స సఫలమే. అయితే ఆ ప్రాణం ఎందుకోసమన్నది కొలతలో చేరలేదు. నేటి గృహసంరక్షణ నివేదికల్లో ఇచ్చిన మందులు, చేసిన సందర్శనలు లెక్కకెక్కుతాయి. ఫిడేలుకు గడి ఉండదు.

పథకాల పేర్లనూ సాహిత్య పాఠాలుగా చదవడం అవసరం. 2014 నవంబరులో తెలంగాణలో మొదలైన పింఛను పథకం పేరు ‘ఆసరా’, ఆంధ్రప్రదేశ్ పింఛను పేరు ‘ఎన్టీఆర్ భరోసా’. ఒకటి ఆనుకునేది, మరొకటి నమ్ముకునేది. ఈ పేర్ల మధ్య దూరం భద్రాచలంలో అడుగుల్లో ఉంటుంది. 2014లో పూర్వపు ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పుడు పట్టణం తెలంగాణలో మిగిలింది, దానిని ఆనుకున్న ఎటపాక అవతలికి పోయింది. పూర్తిగా మంచానికి పరిమితమైన వ్యక్తికి అవతల 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయలు నిర్ణయమయ్యాయి. ఇవతల వికలాంగుల పింఛను 2023లో 4,016కు చేరింది. ఒకే నది ఒడ్డున, ఒకే రకమైన మంచంలో ఉన్న ఇద్దరి అవసరం ఇంత తేడాగా ఉండదు. అయినా పెద్ద మొత్తంతోనే నాణ్యత వచ్చిందనుకోవడానికి వీల్లేదు. డబ్బు ఎవరి చేతికి చేరుతుంది, దానితో ఎవరిని పెట్టుకోవాలో ఎవరు నిర్ణయిస్తారన్నవి వేరే ప్రశ్నలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఐదవ సెక్షను ఈ దిశలోనే మాట్లాడుతుంది. ఫలానా చోటే నివసించాలన్న నిర్బంధం ఉండరాదనీ, ఇంటివద్ద సహాయం, వ్యక్తిగత సహాయకులు అందుబాటులో ఉండాలనీ చెబుతుంది. అందులో ఎంపిక వ్యక్తిది.

తెలంగాణలో ఉపశమన వైద్య బృందాలు ఇళ్ళకు వెళ్ళే వాహనసేవకు ‘ఆలన’ అని పేరు. పెట్టినవారు ‘ఆలనాపాలనా’ జంటను తలచుకుని ఉండవచ్చు. ‘ఆలించి పాలించు’ అన్న కీర్తనల వాడుకను పక్కన పెట్టుకుంటే, ఆలన ఆలించడమే, అంటే వినడమే. శుశ్రూష పోగొట్టుకున్న అర్థం తెలుగు మాటలో మిగిలింది. ఇక పేరుకు తగినట్టు వినడం జరుగుతుందా అన్నది భాషాప్రశ్న అవుతుంది. ఉపశమన వైద్యంలో నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెలో చెప్పమనడం పరిపాటి. కోయ మాతృభాషగా గల వృద్ధురాలిని తెలుగులో అలా అడిగినప్పుడు వచ్చే అంకె ఆమె నొప్పిని ఎంతవరకు చెబుతుంది? కోయ ద్రావిడ భాషే, తెలుగుకు దగ్గరి చుట్టమే. ఆ చుట్టరికమే ఇక్కడ మోసం చేస్తుంది: సగం అర్థమైన చోట పూర్తిగా అర్థమైందనుకుంటాం. పక్కన ఉన్న కోడలో మనవడో దుబాసీ అయినప్పుడు, తన ఇంటివాళ్ళ మీద ఆమెకున్న ఫిర్యాదు వారి నోటి మీదుగానే రావాలి. గ్రామంలో ఆ మాట వినగల ఆశా కార్యకర్త ఉన్నా, ఆమెకు దక్కేది జీతం కాదు, పనులవారీ ప్రోత్సాహకం. కూర్చుని విన్న గంటకు అందులో పద్దు లేదు.

మాండలిక పదకోశాలకు వృత్తిపదాలను శ్రమించి సేకరించిన చరిత్ర తెలుగు పరిశోధనకు ఉంది. చేనేతకు, వ్యవసాయానికి వెళ్ళినట్టే మంచం దగ్గరికీ వెళ్ళాలి. సలుపు, పోటు, తీపు, మంట, గుంజుడు అని తెలుగు నొప్పిని విడదీసి చెప్పగలదు. కోయలో ఆ విభజన ఎలా ఉందో, ఒంటరితనాన్ని, ఇంట్లో చిన్నచూపును, స్నానం చేయించే చేతి కరుకుదనాన్ని ఆ వృద్ధులు ఏ మాటలతో చెప్పుకుంటారో సేకరించడం భద్రాచలం ఏజెన్సీలో పనిచేసే భాషాశాస్త్ర విద్యార్థి చేయగలిగిన పని. ఆ పదకోశం చేరవలసిన చోటు గ్రంథాలయం ఒక్కటే కాదు, ఆలన వాహనంలోని నర్సు సంచి కూడా.